మన మొహాలు అద్దెకిచ్చే ముందు చైనా సంగతి ఒకసారి వినండి

ఈ పోస్టు కొంచెం పెద్దది. కోతల్లో ఉన్నవాళ్ళు రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. ఆదివారం మీటింగు లోపల మాత్రం తప్పకుండా చదవండి.

సంగతి మీకు తెలిసిందే. పోయిన నెల మన సంఘం దగ్గరికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. కారం ప్యాకెట్లు అమ్మే కంపెనీ తరఫున. మర్యాదస్తులే, చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నారు. మన కాయ యార్డు రేటు మీద క్వింటాకి 500 ఎక్కువ పెట్టి కొంటారట. దానికి బదులుగా మన చేలల్లో, కల్లాల్లో వీడియోలు తీసుకుంటారు. మన పేర్లు, మన ఫోటోలు, మన ఊరి పేరు ప్యాకెట్ మీదా ఫోన్లలోనూ వేసుకుంటారు. మనలో సగం మంది అప్పటికప్పుడు సంతకం పెట్టేద్దామన్నారు. నేను కూడా కాదనలేదు. 500 అంటే ఊరికే వచ్చే డబ్బు.

కానీ పోతూ పోతూ అందులో ఒకబ్బాయి ఒక మాట అన్నాడు. "చైనాలో రైతులంతా ఇట్లా లైవుల్లో అమ్మే బాగుపడ్డారు అంకుల్, మీరే వెనకబడ్డారు." ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమో కాదో చూద్దామని కూర్చున్నా. మా అమ్మాయి వార్తలు వెతికి, ఫోన్లోనే తర్జుమా చేసి పెడితే రోజూ రాత్రి గంటసేపు చదివా. చదివినకొద్దీ ఆ అబ్బాయి చెప్పింది సగమేనని తేలింది. మిగతా సగం మీకు చెప్పడానికే ఈ పోస్టు.

ముందు అక్కడి బజారు ఎట్లా ఉంటుందో చెప్తా. మనకి టిక్‌టాక్ గుర్తుంది కదా. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లని ఆపేసేదాకా నాట్లేసే ఆడవాళ్ళ దగ్గర్నుంచి ట్రాక్టర్ డ్రైవర్ల దాకా అందరూ అందులోనే ఉండేవాళ్ళు. అదే కంపెనీ చైనాలో నడిపే యాప్ పేరు డౌయిన్. వీడియో చూస్తుండగానే కింద కొనే బటన్ ఉంటుంది, నొక్కితే సరుకు ఇంటికొస్తుంది. పల్లెటూళ్ళ జనం ఎక్కువగా చూసేది క్వైషో. మన వాట్సాప్, ఫోన్‌పే, ఫేస్‌బుక్ కలిపి ఒక్కటి చేస్తే అది వీచాట్. పట్నం ఆడపిల్లలు ఏది కొనాలన్నా ముందు వెతికేది షియావోహోంగ్షులో. ఆ పేరుకి చిన్న ఎర్ర పుస్తకం అని అర్థం, 2013లో షాంఘైలో పుట్టింది. గూగుల్, ఫేస్‌బుక్, యూట్యూబ్ అక్కడ నడవవు. అందుకని ఎంత గొప్ప దేశపు ఎంత గొప్ప కంపెనీ అయినా చైనా వాడికి సరుకు అమ్మాలంటే ఈ యాప్‌ల గుమ్మం తొక్కాల్సిందే.

ఆ చిన్న ఎర్ర పుస్తకంలో అమ్మకాల వాళ్ళు వాడే మాట వింటే మీకు నవ్వొస్తుంది. "గడ్డి నాటడం" అంటారు. మనం పుట్టినప్పట్నుంచీ గడ్డి పీకుతున్నాం, వాళ్ళు పనిగట్టుకుని నాటుతున్నారు! అంటే ఏంటంటే, ఒకమ్మాయి స్నేహితురాలికి చెప్పినట్టు "నేనీ క్రీము నెలరోజులు రాశా, మొహం ఇట్లా తేలింది" అని ఫోటో పెడుతుంది. చదివిన వాళ్ళ మనసులో ఆ వస్తువు మీద కోరిక గడ్డిలాగా మొలుస్తుంది. కొనేశాక "గడ్డి పీకేశా" అంటారు. ఇందులో బలం ఎక్కడుందంటే, అది ప్రకటనలాగా కనపడదు. బావి దగ్గర పక్కింటావిడ చెప్పినట్టు ఉంటుంది. పెద్ద సినిమా హీరో చేత ఒక్కసారి చెప్పించే బదులు, కొద్దివేల మంది చూసే మామూలు మనుషుల చేత వందలకొద్దీ రాయించుకుంటే గడ్డి బాగా మొలుస్తుందని కంపెనీలు కనిపెట్టాయి. డబ్బులు తీసుకుని గుంపుగా కామెంట్లు పెట్టేవాళ్ళకి "నీటి సైన్యం" అని పేరు. ఇది ఎంత ముదిరిందంటే 2021 డిసెంబర్‌లో ఆ యాప్ వాళ్ళే 29 బ్రాండ్లని దొంగ గడ్డి నాటుతున్నారని బయటపెట్టి ఆపేశారు. తర్వాత 2023 మే 1 నుంచి చైనా ప్రభుత్వం రూలు తెచ్చింది, సొంత అనుభవం చెప్తున్నట్టు రాసి కింద కొనే లింకు పెడితే దాని మీద "ప్రకటన" అని కనపడేట్టు రాయాలని. మన దగ్గరా 2023 జనవరిలో కేంద్రం ఇలాంటి సూచనలే ఇచ్చింది. తప్పుడు ప్రకటన అయితే 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల చట్టంలో ఉంది. చట్టాలు ఉన్నాయి లెండి.

వాళ్ళ భాషలో ఇంకో మాట కూడా ఉంది. వెల్లుల్లి వాసనొచ్చే ఒక ఆకుకూర ఉంటుంది అక్కడ, కోసినకొద్దీ మళ్ళీ చిగురిస్తుంది, మన గట్టు మీద గోంగూరలాగా. అమాయకుణ్ణి ఒకసారి దోచి, వాడు కాస్త తేరుకుని నాలుగు డబ్బులు కూడబెట్టగానే మళ్ళీ దోచడాన్ని "ఆ కూర కోయడం" అంటారు. నాటడం గడ్డిని, కోయడం కూరని. రెండూ మన వ్యవసాయం మాటలే, చేసేది మాత్రం ఒక్క సెంటు భూమి లేని వాళ్ళు.

ఇంతవరకు చదివి "అయితే ఇదంతా మోసం, వద్దు" అనుకోకండి. నేను చెప్పబోయేది అది కాదు. ఒక ముసలాయన నారింజ తోట కథ వినండి.

ఆయన పేరు ఛూ షిజియాన్. యున్నాన్ రాష్ట్రం. ఒకప్పుడు సిగరెట్ ఫ్యాక్టరీ అధినేత, దేశంలోనే పెద్ద పేరున్నవాడు. అవినీతి కేసులో 1999లో యావజ్జీవ శిక్ష పడింది. తర్వాత శిక్ష తగ్గి, జబ్బు చేసిందని 2002లో బయటికి వదిలారు. అప్పటికి 74 ఏళ్ళు. మనలో ఎవరైనా ఆ వయసుకి అరుగు మీద కూర్చుంటాం. ఆయన భార్యని వెంటబెట్టుకుని ఐలావ్ కొండల్లో 2400 ము భూమి తీసుకుని నారింజ మొక్కలు పెట్టాడు. ము అంటే వాళ్ళ కొలత, మన లెక్కలో ఇంచుమించు 400 ఎకరాలు. నాటితే కాపుకి ఏళ్ళు పడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. 2012లో బీజింగ్‌లో ఒక ఆన్‌లైన్ దుకాణం వాళ్ళు ఆ నారింజని అమ్మకానికి పెట్టారు. పండు గురించి తక్కువ చెప్పారు, మనిషి గురించి ఎక్కువ చెప్పారు. పడిపోయిన ముసలాయన ఎట్లా లేచాడో చెప్పారు. వీబో అని అక్కడొక యాప్, మన ట్విట్టర్ లాంటిది. వాంకే అనే పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీ అధినేత వాంగ్ షి దాంట్లో ఆయన్ని మెచ్చుకుంటూ రాశాడు. ఇక చూడండి, వ్యాపారస్తులు పోటీలు పడి కొన్నారు. తర్వాతి ఏడాది హాన్ హాన్ అనే పేరున్న రచయితకి ఒక పెద్ద పెట్టెలో ఒక్కటంటే ఒక్క నారింజ పెట్టి పంపారు. ఆయన దాని ఫోటో తీసి వీబోలో పెట్టాడు. పైసా ఖర్చు లేని ప్రకటన. ఒక్క కాయ ఖర్చు, అంతే.

ఈ కథ చెప్పే ప్రతివాడూ ఇక్కడితో ఆపుతాడు. "కథ చెప్పండి, సరుకు అమ్ముడుపోతుంది" అంటాడు. నాకు నచ్చింది అది కాదు. ఆయన తోటలో చెట్టుకి ఇన్ని కాయలే ఉండాలని లెక్క పెట్టి మిగతావి తుంచేయించాడు. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎండ పడట్లేదని కాసే చెట్లనే నరికించాడు. తోటలో పనిచేసే కుటుంబాలకి నెలనెలా బత్తెం, కోత అయ్యాక కాయ నాణ్యతని బట్టి డబ్బు. 2015లో కాయ చిన్నగా ఉంది, రుచి తగ్గిందని కొన్నవాళ్ళు అదే యాప్‌ల్లో తిట్టారు. అప్పుడు ఆయన బుకాయించలేదు. తప్పు మాదేనని ఒప్పుకుని వేల చెట్లు కొట్టేయించాడు. 2019లో 91 ఏళ్ళకి చనిపోయాడు, ఆ పేరు మీద ఆ నారింజ ఇంకా అమ్ముడవుతూనే ఉంది. ఎందుకంటే పేరు ఆయనది, తోట ఆయనది, కథ ఆయనది. అమ్మిపెట్టినవాడు అమ్మిపెట్టాడు, అంతవరకే.

ఇప్పుడు ఇంకో కథ. ఇది చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొక్కజొన్న కంకి కథ.

న్యూ ఓరియంటల్ అని చైనాలో చాలా పెద్ద ట్యూషన్ కంపెనీ. 2021 జులైలో ప్రభుత్వం బడి పాఠాలకి లాభం కోసం ట్యూషన్లు చెప్పడం మీద వేటు వేసింది. ఆ ఒక్క ఏడాదిలో 60 వేల మందిని తీసేశామని దాని యజమాని యూ మిన్‌హోంగ్ స్వయంగా రాశాడు. మిగిలిన టీచర్లతో ఏం చేయాలి? డౌయిన్‌లో లైవు పెట్టి వ్యవసాయ సరుకులు అమ్మడం మొదలుపెట్టారు. ఆర్నెల్లు ఎవరూ పట్టించుకోలేదు. 2022 జూన్‌లో డాంగ్ యూహుయి అనే ఇంగ్లీషు మాస్టారు ఒక్కసారిగా దేశమంతా మోగిపోయాడు. రైతు కుటుంబంలో పుట్టినవాడు. బియ్యం అమ్ముతూ బియ్యం ధర చెప్పడు, చిన్నప్పటి ఊరు, అమ్మ, చేను, చరిత్ర, కవిత్వం చెప్తాడు, మధ్యలో బోర్డు మీద ఇంగ్లీషు ముక్కలు రాస్తాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బియ్యం కొన్నారు.

వాళ్ళు ఈశాన్య చైనా మొక్కజొన్న కంకులు అమ్మారు. కంకి 6 యువాన్లు. యువాన్ అంటే ఇంచుమించు 12 రూపాయలు వేసుకోండి, 70 రూపాయల పైమాటే. 2022 సెప్టెంబర్‌లో షిన్‌బా అనే ఇంకో లైవు అమ్మకందారు దీని మీద విరుచుకుపడ్డాడు. క్వైషోలో అప్పట్లో అందరికంటే పెద్ద పేరు ఆయనది. "చేలో రైతుకి కంకికి ఇచ్చేది 0.7 యువాన్, మీరు అమ్మేది 6 యువాన్లకా?" అన్నాడు. దేశమంతా రెండు పార్టీలైంది. డాంగ్ మాస్టారు లైవులోనే జవాబు చెప్పాడు. ధాన్యం మరీ చవకైతే దెబ్బతినేది రైతే, చవగ్గా అమ్మాలనుకుంటే పండించేవాడు ఎట్లా బతకాలి అన్నట్టు మాట్లాడాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. చదువుతూ నేనూ కొట్టబోయా.

కానీ ఆగి లెక్క వేయండి. 6 యువాన్ల కంకిలో రైతుకి నిజంగా 0.7 వస్తే, అది రూపాయికి 12 పైసలు కూడా కాదు. మిగతా 88 పైసల్లో ఉడకబెట్టడం, గాలి తీసి ప్యాక్ చేయడం, రవాణా, కొరియరు, పాడైనవి, యాప్ వాటా, అమ్మిన మాస్టారి కంపెనీ వాటా ఉన్నాయి. ఇవి దొంగ ఖర్చులని నేను అనను, పచ్చి కంకిని రెండు వేల కిలోమీటర్లు పంపితే ఖర్చవుతుంది. నా బాధ వేరే. కంకి ఖరీదు 6 ఉండాలని రైతు పేరు చెప్పినవాడు, 6 ఎక్కువని రైతు పేరు చెప్పినవాడు, ఇద్దరూ రైతు బిడ్డలమనే చెప్పుకుంటారు. లక్షలమంది కామెంట్లు పెట్టారు. ఆ మొక్కజొన్న వేసిన రైతు మాత్రం ఆ గొడవలో ఎక్కడా లేడు. అతనికి ఎంత ముట్టిందో చెప్పమని అతన్ని లైవులోకి పిలిచినవాడు లేడు. కంకి పేరు మీద కొట్టుకుంటే ఇద్దరి లైవులకీ జనం పెరిగారు. అంతే జరిగింది.

(షిన్‌బా సంగతి కూడా వినండి. 2020లో ఆయన లైవులో పక్షి గూటి పానీయం అని అమ్మింది తీరా చూస్తే పంచదార నీళ్ళని తేలింది. ఆయన కంపెనీకి 9 లక్షల యువాన్ల జరిమానా పడింది, క్వైషో వాళ్ళు 60 రోజులు ఆపేశారు. మళ్ళీ వచ్చి రైతు పక్షాన మాట్లాడాడు.)

లైవులో సరుకు పెట్టాలంటే ఊరికే పెట్టనివ్వరు. పేరున్న అమ్మకందారు దగ్గర ముందే కొంత కట్టాలి, దానికి వాళ్ళ భాషలో "గుంట రుసుము" అని పేరు. మనం మొక్కకి గుంట తీసినట్టు లైవులో నీ సరుకుకి ఒక గుంట. అది కట్టాక, అమ్మిన దాని మీద కమీషన్ వేరే. మనం యార్డులో కమీషన్ దుకాణదారుణ్ణి తిట్టుకుంటాం కానీ ఆయన ముందే గుంట రుసుము అయితే అడగడు. డాంగ్ మాస్టారి కంపెనీ వాళ్ళు తాము గుంట రుసుము తీసుకోమని గొప్పగా చెప్పుకున్నారంటే, మిగతా చోట్ల అది ఎంత మామూలో మీరే ఊహించుకోండి.

ఇక ఆ మాస్టారు ఏమయ్యాడు? 2023 డిసెంబర్‌లో, లైవుల్లో ఆయన చెప్పే మాటలన్నీ ఆయన రాసినవి కావని కంపెనీ ఉద్యోగి ఎవరో కామెంటు పెట్టారు. జనానికి కోపమొచ్చి కంపెనీని వదిలేయడం మొదలుపెట్టారు. కంపెనీ ఆయన పక్షాన నిలబడి పై అధికారిని తీసేయాల్సి వచ్చింది. 2024 జులైలో డాంగ్ బయటికెళ్ళి, తన పేరుతో ఉన్న కంపెనీని 7.65 కోట్ల యువాన్లకి తన పేరు మీద రాయించుకున్నాడు. మన డబ్బులో 90 కోట్లకి దగ్గర. మర్నాడు పాత కంపెనీ షేరు ఐదో వంతు పైన పడిపోయింది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? జనం కొన్నది కంపెనీని కాదు, ఆ మొహాన్ని. ఆ మొహం గలవాడికి దాని విలువ తెలుసు కాబట్టి రాయించుకున్నాడు.

తెలియకపోతే ఏమవుతుందో లీ జీచీ కథ చెబుతుంది. మీ ఇంట్లో పిల్లలకి తెలిసే ఉంటుంది, యూట్యూబ్‌లో చూస్తారు. సిచువాన్ కొండల్లో నాయనమ్మ దగ్గర ఉంటూ సోయా వేసి, కోసి, నూరి, పులియబెట్టి సాస్ చేసే అమ్మాయి. చైనా భాషలో అన్ని ఛానెళ్ళలోకీ ఎక్కువమంది చందాదారులున్న ఛానెల్‌గా గిన్నిస్ రికార్డు ఎక్కింది. ఆమె పేరుతో నూడుల్స్ ప్యాకెట్లు కోట్లలో అమ్ముడయ్యాయి. కానీ ఆమె పేరు పెట్టిన కంపెనీలో 51 శాతం ఆమెని పైకి తెచ్చిన వ్యాపార సంస్థది, ఆమెది 49. గొడవై 2021 జులైలో వీడియోలు ఆపేసింది. కోర్టుల్లో తిరిగి, 2022 డిసెంబర్‌లో రాజీ అయ్యింది. మళ్ళీ వీడియో పెట్టింది 2024 నవంబర్‌లో. మూడేళ్ళ పైన! కొన్ని కోట్లమంది ఎదురుచూసే మనిషి, తన పేరు తన చేతిలో లేక మూడేళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. అంతమందికి తెలిసిన మనిషికే ఆ గతి పడితే, ఇంగ్లీషు అగ్రిమెంటు మీద వేలిముద్రో వంకర సంతకమో పెట్టే మన సంగతి చెప్పండి.

ఇంకా ఘోరమైంది మొహం అద్దెకివ్వడం కూడా కాదు, ఎత్తుకుపోవడం. 2018 ప్రాంతంలో అక్కడి ఆన్‌లైన్ దుకాణాల్లో ఒక ముసలి రైతు ఫోటో తిరిగింది. ముడతలు పడ్డ మొహం, దిగులు చూపు. "పండు కొనేవాడు లేడు, తాతని ఆదుకోండి" అని కింద రాత. ఒకచోట అదే తాత ఆపిల్ రైతు, ఇంకోచోట ఇంకో పండు, ఇంకో రాష్ట్రం! జనం కనిపెట్టి "అమ్ముడుపోని తాత" అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆ తాతకి ఒక్క పైసా ముట్టిందా? సిచువాన్‌లోనే లియాంగ్‌షాన్ అని కొండజాతి పేదల ప్రాంతం ఉంది. అక్కడ కొన్ని ముఠాలు పాడుబడ్డ ఇళ్ళు వెతికి, కుర్రాళ్ళకి మాసిన బట్టలు తొడిగి, తల్లిదండ్రులు లేని అనాథలని వీడియోలు తీశాయి. జాలిపడి చూసేవాళ్ళు లక్షలయ్యాక, మా కొండ తేనె, మా అక్రోట్లు అని బయట ఎక్కడో కొన్న సరుకు అమ్మాయి. పోలీసులు పట్టుకున్నారు, జైలు శిక్షలు పడ్డాయి. పట్టుబడ్డాక ఏమైందంటే, ఆ కొండల్లో నిజంగా తేనె తీసేవాడు లైవు పెట్టినా "ఇదీ నాటకమే" అంటున్నారు. కలుపు మందు పక్క చేలో కొడితే మన చేను మాడినట్టు.

అయితే అక్కడ ఎవరూ బాగుపడలేదా అంటే, పడ్డారు. అది చెప్పకపోతే నేనూ సగమే చెప్పినవాణ్ణి అవుతా. ఫోన్ కొత్త పనిముట్టు, లైవు కొత్త సేద్యం పని అని అక్కడ ఒక నినాదమే ఉంది. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ, షాన్‌షీ రాష్ట్రంలో జిన్మీ అనే ఊరికి దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వెళ్ళి పుట్టగొడుగుల లైవు దగ్గర నిలబడ్డాడు. మర్నాడే ఆ ఊరి ఎండు పుట్టగొడుగులు టన్నులకొద్దీ అయిపోయాయి. బాగానే ఉంది. కానీ మన ఊరికి దేశాధ్యక్షుడు రాడు కదా. వచ్చేది ఆ ఇద్దరు కుర్రాళ్ళే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన తేజ కాయకి చైనాలో గిరాకీ ఎంతో యార్డుకి వెళ్ళే ప్రతివాడికీ తెలుసు. వాళ్ళు కొంటే రేటు లేస్తుంది, ఆగితే పడుతుంది. ఎగుమతి కాగితాల్లో మన కాయ పేరు ఎస్-17. నేను పండించిందీ నువ్వు పండించిందీ కలిసిపోయి ఒక కోడ్ అయిపోతుంది. అక్కడ ఎర్రగా మరిగే కుండలో అది ఉడుకుతుంటే లైవులో అరిచేది ఆ మసాలా బ్రాండు పేరు. ఇన్నేళ్ళూ పేరు లేకుండా అమ్మాం. ఇప్పుడు ఎవరో వచ్చి మీకు పేరుంది, మొహముంది, దానికి ధర ఉంది అంటున్నారు. అది మంచి మాటే. నాకూ సంతోషంగానే ఉంది. ధర ఎంత, ఎన్నాళ్ళకి, ఎవరి చేతిలో, అదొక్కటే నా పేచీ.

అగ్రిమెంటు నాలుగు పేజీలు, ఇంగ్లీషు. మా అమ్మాయి చదివి చెప్పింది. 500 ఎక్కువ ఇచ్చేది ఈ ఒక్క సీజనుకే. వీడియోలు, ఫోటోలు, పేర్లు, ఊరి పేరు వాడుకునే హక్కు మాత్రం "ఎప్పటికీ". కాయ కొనడం ఆపేసినా మన మొహాలు వాళ్ళ ప్యాకెట్ మీదే ఉంటాయి. రేపు వాళ్ళు ఇంకెక్కడో తాలు కాయ కొని ఆడించి, దాని మీద మన నాగయ్య బాబాయ్ నవ్వుతున్న ఫోటో వేసినా మనం నోరెత్తడానికి లేదు. అప్పుడు మన బాబాయే ఆ "అమ్ముడుపోని తాత". తప్పు ఆ కుర్రాళ్ళదని కూడా నేననను, వాళ్ళకి ఎవరో రాసిచ్చిన కాగితం అది.

నేను అడగమనేది ఇది. హక్కు ఒక్క సీజనుకే ఉండాలి, కొన్నంతకాలమే మొహం. మన ఊరి పేరు వేసిన ప్యాకెట్లో మన ఊరి కాయే ఉండాలి, అది చూసుకోడానికి మన సంఘం మనిషి మిల్లు దగ్గర ఉండాలి. క్వింటాకి 500 కాకుండా ప్యాకెట్ లెక్కన వాటా అడుగుదాం. ప్యాకెట్లు లక్ష అమ్మినా పది లక్షలు అమ్మినా మనకి అదే 500 అయితే, అది కంకికి 0.7 యువాన్ లాంటిదే. ఇంకో సంగతి, వీడియోలో మనం అప్పుల్లో ఉన్నామనీ, ఆత్మహత్యలనీ చూపించకూడదు. అప్పులున్న మాట నిజమే. కానీ మన ఏడుపు చూపించి కారం అమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. కాయ బాగుంటే కొంటారు, లేకపోతే మానేస్తారు.

ఇక్కడే నేను మీకు కోపం తెప్పించే మాట ఒకటి అనాలి. ఆ ముసలాయన చెట్లు నరికించాడని పైన రాశా కదా. మనమేం చేస్తున్నాం? టిక్కీ పైన ఎర్ర కాయ పెట్టి అడుగున తాలు కలిపినవాళ్ళం లేమా? తూకం కోసం నీళ్ళు చల్లలేదా? నేను చల్లా. రెండేళ్ళ కిందట, రేటు పడిపోయిన ఏడు, తెల్లవారుజామున ఎవరూ చూడకుండా చల్లా. అందరూ చల్లుతున్నారని నాకు నేనే చెప్పుకున్నా. యార్డులో అది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ కాయకి పేరు లేదు. పేరు పెట్టి అమ్మిన రోజు బూజు కాయ ఒకటి ఎక్కడో హైదరాబాద్‌లో ఒక ఇల్లాలి చేతిలో పడితే, ఆమె ఫోటో తీసి పెడితే, తిట్టేది మన ఊరిని. మందు కొట్టిన తేదీ రాసుకోకుండా, కోతకి ముందు ఎన్ని రోజులు ఆపాలో చూడకుండా "సహజమైన కారం" అని వీడియోలో చెప్పడానికి నాకైతే నోరు రాదు. మొహం అద్దెకిచ్చే ముందు పట్టాల మీద ఎండబెట్టడం నేర్చుకుందాం. వట్టి నేల మీద పోసేవాళ్ళం ఇంకా పదిమందికి తక్కువ లేం మన ఊళ్ళో.

కుర్రాళ్ళు కొందరు "కంపెనీ ఎందుకు పెద్దాయనా, మనమే లైవు పెడదాం" అంటున్నారు. పెట్టండి, నేను కాదనను. కానీ కారం అమ్మాలంటే ఆహార లైసెన్సు కావాలి, ప్యాకింగు కావాలి, ప్యాకెట్ పగిలి తిరిగొస్తే నష్టం ఎవరో ఒకరు భరించాలి, రాత్రి పదింటికి ఫోన్ చేసి ఘాటు తక్కువైందని తిట్టేవాళ్ళతో మర్యాదగా మాట్లాడే మనిషి కావాలి. చైనాలో లీ జియాచీ అనే లిప్‌స్టిక్ మహారాజు ఉన్నాడు, లైవు అమ్మకాల్లో దేశంలోనే పై వరసలో ఉన్నవాడు. 2023 సెప్టెంబర్‌లో కనుబొమలు దిద్దుకునే పెన్సిల్ 79 యువాన్లకి అమ్ముతుంటే ఎవరో ఖరీదెక్కువ అన్నారు. ఇన్నేళ్ళలో నీ జీతం పెరిగిందా, నువ్వు కష్టపడి పనిచేశావా చూసుకో అన్నాడు. ఒక్క మాట. మర్నాటికి లక్షలమంది వదిలేసి పోయారు, లైవులోకొచ్చి ఏడ్చి క్షమాపణ చెప్పాడు. అంత అనుభవమున్నవాడికే నోరు జారింది. మన సుబ్బారావు తమ్ముడి కోపం సంగతి మీకు తెలుసు, ఫోన్ అతని చేతికి మాత్రం ఇవ్వకండి. (తమ్ముడూ, సరదాకి అన్నా.)

సుమారు ఏడాది పాటు పదిమందిమి కలిసి, వంద ఇళ్ళకి, తెలిసినవాళ్ళకి మాత్రమే అమ్మి చూద్దామని నా ఆలోచన. మన పిల్లలు హైదరాబాద్‌లో, బెంగుళూరులో అపార్ట్‌మెంట్లలో ఉన్నారు కదా, వాళ్ళ పక్క ఫ్లాట్ల వాళ్ళే మన మొదటి గిరాకీ. అది నడిస్తే కంపెనీతో మాట్లాడేటప్పుడు మనకి ఒక రేటు చేతిలో ఉంటుంది. నడవకపోతే ఆ అనుభవంతో సంతకం పెడదాం, అప్పుడైనా ఒక్క సీజనుకే.

ఆదివారం పొద్దున ఏడింటికి రామాలయం దగ్గర మీటింగు. అగ్రిమెంటుని మా అమ్మాయి తెలుగులో రాసింది, జిరాక్సులు ముప్ఫై తీయించా. చదువు రానివాళ్ళకి నేను చదివి వినిపిస్తా. సంతకం పెడదామనేవాళ్ళు కూడా రండి, మీ మాట కూడా వినాలి, 500 తేలిగ్గా వదులుకునే పరిస్థితిలో మనలో ఎవరూ లేరని నాకు తెలుసు. నాగయ్య బాబాయ్, నువ్వు తప్పకుండా రావాలి. ఫోటో నీది.